తాతల నాటి ఇనుప పనిముట్లు: తుప్పు వదిలించి నిలబెట్టుకోవడం ఎలా?

తుప్పు పట్టిన కొడవలినో బాడిసనో పాత ఇనుము కింద తూకానికి వేసేముందు చిన్న పరీక్ష ఒకటి చేయండి. ఓ మేకు తీసుకుని తుప్పు మీద గట్టిగా గీకండి. పైపొర రాలి, కింద నల్లగానో బూడిద రంగులోనో గట్టి ఇనుము తగిలిందంటే ఆ పనిముట్టు ఇంకా పనికొస్తుంది. మేకు లోపలికి దిగబడి పెచ్చులు ఊడివస్తుంటే మాత్రం దానికి కాలం చెల్లినట్టే. అటకల మీద, గొడ్ల చావిళ్లలో పడి ఉన్న సామాన్లలో ఎక్కువ భాగం మొదటి రకమే. చూడ్డానికి అధ్వానంగా ఉంటాయి గానీ లోపల ఇనుము గట్టిగానే ఉంటుంది. అలాంటి వాటిని కిలోల లెక్కన ఇచ్చేస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

మన విజయవాడలో ఈ పని చాలా ఇళ్లకు అవసరం. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. వడ్రంగుల పెట్టెలు, తాపీ మేస్త్రీల సామాను, వంటింటి కత్తిపీటలు అన్నీ బురదలో నానాయి. అలా నానినవాటిని ఒకసారి కడిగి మూలన పెడితే సరిపోదు. వరద రాకపోయినా మనది కృష్ణ ఒడ్డు. గాలిలో తేమ 60 శాతం దాటితే ఇనుము తుప్పు పట్టే వేగం పెరుగుతుంది. జూలై నుంచి నవంబరు దాకా మనకు రోజులకు రోజులు అంతకంటే ఎక్కువ తేమే ఉంటుంది.

పని మొదలుపెట్టేముందు ఒక మాట మనసులో పెట్టుకోండి. పనిముట్టు తళతళ మెరవాల్సిన అవసరం లేదు. ఎర్ర తుప్పు వదులుగా, గుల్లగా ఉండి నీటిని పట్టి ఉంచుతుంది. అందుకే అది కింద ఉన్న ఇనుమును తింటూనే పోతుంది. దాని అడుగున ఉండే నల్లటి గట్టి పొర వేరు. కొలిమిలో కాగినప్పుడు వచ్చినదైనా, ఏళ్ల తరబడి నూనెలో, చేతుల్లో నలిగి వచ్చినదైనా అది ఇనుముకు కాపలా. ఎర్రది పోయి నల్లది మిగిలిన చోట ఆగిపోవాలి. గ్రైండర్ పెట్టి తెల్లగా గీయించేస్తే తుప్పుతోపాటు ఆ పొరా పోతుంది, పాత కమ్మరి సుత్తి దెబ్బల గుర్తులూ పోతాయి. పైగా అలా తెల్లబడిన ఇనుము ఇంకా త్వరగా తుప్పు పడుతుంది.

ముందు వేరు చేయండి

సామానంతా పాత దుప్పటి మీద పరిచి మూడు గుట్టలు చేయండి. పైపైన ఎర్రగా పొడిలా ఉన్నవి ఒకటి, మందంగా పెచ్చు కట్టినవి ఒకటి, అనుమానంగా ఉన్నవి ఒకటి.

సుత్తి, గొడ్డలి లాంటివి తాడుకు వేలాడదీసి చిన్న ఇనుప ముక్కతో తట్టండి. ఖంగుమని మోగితే మంచిది. మొద్దుబారిన చప్పుడు వస్తే ఎక్కడో పగులు ఉండవచ్చు. పగిలిన సుత్తిని, గొడ్డలిని ఎంత ముద్దుగా ఉన్నా వాడకండి. దెబ్బ పడినప్పుడు ముక్క ఎగిరి కంట్లో పడుతుంది.

జింకు పూత ఉన్న బకెట్లు, రేకులు, తీగలు విడిగా పెట్టండి. వాటిని పులుపులో నానబెడితే తుప్పుకంటే ముందు పూత కరిగిపోతుంది. పాత రంగు వేసి ఉన్నవాటితో కూడా జాగ్రత్త. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90) దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు 1 నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు రంగులో సీసం ఉండే అవకాశం ఉంది. ఆ రంగును పొడిగా గీకి దుమ్ము లేపకండి, తడిపి గీకండి, పిల్లల్ని దూరంగా ఉంచండి.

చేతికి మందపాటి గ్లవ్స్, కళ్లకు అద్దాలు, ముక్కుకు మాస్కు ఉండాలి. ధనుర్వాతం తుప్పు వల్ల వస్తుందని అందరూ అనుకుంటారు. దాన్ని తెచ్చే క్రిమి మట్టిలో, పేడలో ఉంటుంది. తుప్పు పట్టిన పనిముట్ల గరుకు సందుల్లో ఆ మట్టి ఇరుక్కుని ఉంటుంది, కాబట్టి గీరుకుంటే సబ్బుతో కడుక్కుని, ఇంజెక్షన్ వేయించుకుని ఎన్నాళ్లయిందో చూసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

మట్టి, జిడ్డు వదిలించడం

చెక్క పిడి సులువుగా ఊడేదైతే ఊడదీయండి. ఊడకపోతే బలవంతం చేయొద్దు, పిడికి ప్లాస్టిక్ కవరు చుట్టి బిగించండి. పిడి ఊడదీయడానికి పనిముట్టును నిప్పుల్లో పెట్టే అలవాటు కొన్ని చోట్ల ఉంది. దయచేసి ఆ పని చేయకండి. ఉలికి, కొడవలికి కమ్మరి పెట్టిన పదును అంతా ఆ వేడికి చచ్చిపోతుంది.

సర్ఫ్ నీళ్లలో గట్టి బ్రష్‌తో మట్టి, పాత గ్రీజు పోయేదాకా తోమండి. జిడ్డు మిగిలితే తర్వాత వేసే పులుపు ఇనుమును అంటదు. తాపీల మీద గడ్డకట్టిన సిమెంటును సుత్తితో కొట్టకండి, వెనిగర్‌లో కాసేపు నాననిస్తే అదే మెత్తబడుతుంది.

తరువాత వైర్ బ్రష్. ఇది ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరుకుతుంది. వన్ టౌన్‌లోనో ఆటోనగర్‌లోనో ఇత్తడి తీగలది, ఇనుప తీగలది రెండూ తెచ్చుకోండి. మొదట ఇత్తడిదే వాడండి. మొదటి గుట్టలోని సామానుకు చాలావరకు ఇక్కడితోనే పని అయిపోతుంది. కాస్త డీజిల్ చల్లి, స్టీల్ ఉన్నితో రుద్ది, గుడ్డతో తుడిస్తే ఎర్రపొడి మొత్తం వచ్చేస్తుంది. పూర్వం దీనికి కిరసనాయిలు వాడేవాళ్లు, ఇప్పుడు అది దొరకడం కష్టం కాబట్టి డీజిల్ చెబుతున్నాను. మంట దగ్గర వద్దు, ఆరుబయట చేయండి. వీటిని పులుపులో నానబెట్టొద్దు, ఎందుకంటే పులుపు ఎర్ర తుప్పుతోపాటు నల్ల పొరను కూడా కొంత తీసేస్తుంది.

కక్కు కొడవలి పళ్ల మీద గరుకు కాగితం రుద్దకండి. పళ్ల సందుల్లో పాత టూత్ బ్రష్ చాలు.

పెచ్చు కట్టిన తుప్పుకు పులుపు

మన ఇళ్లలో చింతపండు, ఇటుక పొడి వేసి తోమడం ఎప్పటినుంచో ఉంది. లేత తుప్పుకు అది బాగా పనిచేస్తుంది. చింతపండులోని పులుపు తుప్పును కరిగిస్తుంది, ఇటుక పొడి గీకుతుంది. పెచ్చు కట్టిన తుప్పుకు మాత్రం ఇంకాస్త బలం కావాలి. అందుకు నేను చెప్పేది నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్. కిరాణా కొట్లలో పొడిగా దొరుకుతుంది. వెనిగర్ కూడా పనిచేస్తుంది గానీ నెమ్మదిగా, పైగా ఇల్లంతా వాసన.

లీటరు గోరువెచ్చని నీటికి 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలపండి. తొట్టి ప్లాస్టిక్‌ది కావాలి. అల్యూమినియం, ఇత్తడి గిన్నెలు వద్దు. ఇనుప భాగం నీళ్లలో పూర్తిగా మునగాలి. సగం మునిగి సగం బయట ఉంటే నీటి అంచు దగ్గర గీతలా తినేస్తుంది, ఆ గీత మళ్లీ పోదు. గడ్డపలుగు లాంటి పొడుగు సామానుకు తొట్టి దొరకదు కాబట్టి లావుపాటి పీవీసీ పైపు ముక్కకు ఒక చివర మూత అతికించి, నిలబెట్టి, అందులో పోసుకోండి. పైపును గోడకు కట్టేయడం మరవకండి. నానబెట్టడానికి వీల్లేని పెద్ద వస్తువైతే పాత గుడ్డను వెనిగర్‌లో తడిపి చుట్టి, పైన పాలిథిన్ కప్పండి.

వదిలేసి పడుకోవద్దు. 2 గంటలకోసారి తీసి, బ్రష్‌తో తోమి, చూడండి. మందపాటి పార, సుత్తి లాంటివి ఇలా రెండు మూడు విడతలు తట్టుకుంటాయి. ఉలి, రంపం, చాకు లాంటి పలుచటి గట్టి ఉక్కును ఎక్కువసేపు ఉంచితే అంచులు తినేయడమే కాదు, ఉక్కు పెళుసుబారుతుంది కూడా. శుభ్రపడిన ఇనుము మీద బుడగలు ధారగా రావడం మొదలైందంటే పులుపు ఇక తుప్పును వదిలి ఇనుము మీద పడిందని అర్థం. వెంటనే తీసేయండి.

బాత్రూమ్ కడిగే యాసిడ్ వాడితే తుప్పు నిమిషాల్లో పోతుంది, నిజమే. కానీ అది ఇనుమును కూడా గుంటలు పడేలా తింటుంది, సందుల్లో మిగిలిన క్లోరైడు మళ్లీ తుప్పు తెస్తుంది, దాని ఆవిరి ఆ గదిలోని మిగతా ఇనుప సామానంతటికీ తుప్పు పట్టిస్తుంది. బ్లీచింగ్‌తో కలిసిందంటే విషవాయువే. దాని జోలికి పోకండి.

కడగడం, ఆరబెట్టడం: ఇక్కడ తొందరపడాలి

తొట్టిలోంచి తీయగానే నీళ్లతో కడిగి, లీటరు నీటికి ఒక పెద్ద చెంచా వంటసోడా కలిపిన నీళ్లలో 10 నిమిషాలు ముంచండి. మిగిలిన పులుపు విరిగిపోతుంది. చివరి కడుగు మంచినీళ్లతో ఉండాలి. మన చుట్టుపక్కల చాలా బోర్ల నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఆ ఉప్పు ఇనుము మీద ఆరిపోతే మీరు పడ్డ శ్రమంతా వృథా.

తుప్పు పోయిన పచ్చి ఇనుము మీద కొన్ని నిమిషాల్లోనే నారింజ రంగు పొగలాంటి కొత్త తుప్పు వస్తుంది. దాన్ని రానివ్వకుండా చూడటమే ఈ మొత్తం పనిలో కీలకం. చివరగా పైనుంచి కాగే నీళ్లు పోయండి. ఇనుము వేడెక్కి తన తడిని తానే ఆర్చుకుంటుంది. పొడిగుడ్డతో తుడిచి ఎండలో పెట్టండి. మే నెలలో మన ఎండకు క్షణాల్లో ఆరుతుంది, ఆ నెలలో ఈ పని పెట్టుకుంటే సగం కష్టం తగ్గుతుంది. వానాకాలమైతే హెయిర్ డ్రయ్యర్ వాడండి. చేయి పెడితే వెచ్చగా ఉన్నప్పుడే మొదటి పూత నూనె పట్టించండి. డబ్ల్యూడీ-40 ఇక్కడ బాగా ఉపయోగపడుతుంది. 1953లో అమెరికాలో దాన్ని తయారు చేసింది తడిని తరిమేయడానికే. కానీ దాని పొర పలుచన, ఎక్కువ కాలం ఉండదు. దాని పైన అసలు నూనె వేయాల్సిందే.

తొట్టిలో మిగిలిన నీళ్లలో నురగ ఆగేదాకా వంటసోడా వేసి, బాగా నీళ్లు కలిపి, కాలువలో పోయండి. మొక్కలకు పోయొద్దు.

కరక్కాయతో నల్ల పూత

ఇది నాకెంతో ఇష్టమైన పని. తుప్పును గీకి తీయలేని సన్నటి గుంటల్లో, చెక్కిన గుర్తుల్లో కొంచెం ఎర్రదనం మిగిలిపోతుంది. కరక్కాయలోని వగరు ఆ ఎర్రటి తుప్పుతో కలిసి నీలం కలిసిన నల్లటి పొరగా మారుతుంది. మన పెడన కలంకారీలో నల్ల రంగు వచ్చేది కూడా ఇలాగే. గుడ్డను ముందు కరక్కాయ నీళ్లలో తడిపి ఆరబెడతారు, తుప్పు పట్టిన ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో పులియబెట్టి తీసిన నీళ్లతో చెక్క అచ్చులు అద్దుతారు, అద్దిన చోటల్లా నల్లబడుతుంది.

లీటరు నీళ్లలో నాలుగైదు చెంచాల కరక్కాయ పొడి వేసి మరిగించి, వడకట్టి, చల్లార్చండి. నూనె తగలని ఇనుము మీద బ్రష్‌తో పూయండి. కాబట్టి ఈ పూత కావాలనుకున్న సామానుకు ముందు నూనె రాయకండి, కడిగి ఆర్చగానే ఇది పూయాలి. ఆరాక ఇంకో పూత. నల్లబడ్డాక తడిగుడ్డతో పైపైన తుడిచి, బాగా ఆర్చి, నూనె రాయండి. కరక్కాయ లేకపోతే పాలు, చక్కెర లేని చిక్కటి టీ డికాక్షన్ కూడా పనిచేస్తుంది, రంగు కొంచెం తక్కువగా వస్తుంది. ఈ పూత ఒక్కటే తుప్పును ఆపేస్తుందని అనుకోకండి, దాని మీద నూనె తప్పనిసరి.

మరీ మొండి తుప్పుకు కరెంటు

పాత నాగలి కర్రు, ముద్దలా బిగుసుకుపోయిన వైస్ లాంటి వాటికి బ్యాటరీ ఛార్జర్‌తో తుప్పు తీయవచ్చు. ప్లాస్టిక్ తొట్టిలో 5 లీటర్ల నీటికి ఒక పెద్ద చెంచా చాకలి సోడా కలపండి. 12 వోల్టుల ఛార్జర్ మైనస్ తీగను పనిముట్టుకు, ప్లస్ తీగను పనికిరాని ఇనుప ముక్కకు తగిలించి, రెండూ ఒకదానికొకటి తగలకుండా ముంచండి. ప్లస్, మైనస్ తారుమారైతే మీ పనిముట్టే కరిగిపోతుంది. కొన్ని గంటల్లో తుప్పు వదులై నల్లటి బురదలా ఊడిపోతుంది, కింది ఇనుముకు హాని ఉండదు.

మూడు విషయాల్లో మాత్రం రాజీ లేదు. ప్లస్ వైపు స్టీలు గిన్నెలు, స్టీలు ముక్కలు పెట్టకండి, వాటిలోని క్రోమియం విషంగా మారి నీళ్లలో కలుస్తుంది. సోడా బదులు ఉప్పు వేయకండి, క్లోరిన్ వస్తుంది. ఈ పనిలో హైడ్రోజన్ పుడుతుంది కాబట్టి ఆరుబయటే చేయండి, నిప్పు దగ్గరకు రానివ్వకండి, ఛార్జర్ ఆపాకే నీళ్లలో చెయ్యి పెట్టండి. కరెంటు పనంటే టెన్షన్ పడేవాళ్లు ఇది వదిలేయండి, నిమ్మ ఉప్పుతో ఓపికగా నాలుగు విడతలు చేసినా చాలావరకు వస్తుంది.

పదును, పిడి

పదును పెట్టడానికి ఆకురాయి, తర్వాత సానరాయి. ముందున్న వాలునే అనుసరించండి, కొత్త వాలు తీయాలని చూడకండి. కరెంటు సాన మీద పెట్టిస్తే మాటిమాటికీ నీళ్లలో ముంచమని చెప్పండి. అంచు నీలంగా మారిందంటే ఆ ఉక్కు 300 డిగ్రీల దగ్గరకు వేడెక్కినట్టే, ఇక అక్కడ పదును నిలవదు. గడ్డపలుగు మొన అరిగిపోతే కమ్మరి దగ్గర కాల్చి సాగగొట్టించడమే సరైన పని.

ఎండాకాలంలో చెక్క ఎండి పిడి వదులవుతుంది. అప్పుడు పారను నీళ్ల తొట్టిలో పడేస్తే చెక్క ఉబ్బి బిగుస్తుంది, ఎండగానే ఇంకా వదులవుతుంది, ఆ మధ్యలో లోపలి ఇనుము తుప్పు పడుతుంది. దానికి బదులు చెక్క చీల కొట్టి, పిడికి అవిసె నూనె పట్టించండి. ఒక జాగ్రత్త: అవిసె నూనె అంటిన గుడ్డల్ని ముద్దగా చుట్టి పడేయకండి. అవి తమంతట తామే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి ఆరబెట్టి పారేయండి.

ఏ నూనె, ఎక్కడ పెట్టాలి

పొలం, తోట సామానుకు నా ఓటు ఆముదానికి. చిక్కగా అతుక్కుని ఉంటుంది, త్వరగా ఎండి గట్టిపడదు. పూర్వం బండి ఇరుసుకు కందెనగా వాడింది కూడా దాన్నే. కొంచెం వేడి చేసి గుడ్డతో పలుచగా పట్టించండి, కారేలా పోస్తే దుమ్ము పట్టుకుంటుంది. ఏడాదికోసారి తీసే సామానుకు ఒక వంతు తేనె మైనం, నాలుగు వంతులు ఆముదం కలిపి, వేడినీళ్ల గిన్నెలో ఉంచి కరిగించి పూస్తే ఇంకా ఎక్కువ కాలం ఉంటుంది. వడ్రంగి సామానుకు, కీళ్లున్న వాటికి కుట్టుమిషన్ నూనె. కత్తిపీటకు కొబ్బరి నూనె. వేరుశనగ, పొద్దుతిరుగుడు లాంటి వంట నూనెలు పోనుపోను జిగురుగా మారతాయి. కాలిన ఇంజన్ ఆయిల్ ఉచితంగా వస్తుందని చాలామంది వాడతారు. అది చర్మానికి, ఆరోగ్యానికి మంచిది కాదు.

సామాను నేల మీద, గోడ మూల పెట్టకండి. సిమెంటు గచ్చు చెమ్మ లాగుతుంది. గోడకు చెక్క పలక కొట్టి మేకులకు వేలాడదీయండి. గోనెసంచిలో చుట్టొద్దు, తోలు ఒరలో నెలల తరబడి ఉంచొద్దు, రెండూ చెమ్మ పట్టి ఉంచుతాయి. పొటాష్ బస్తాలు, యూరియా, బ్లీచింగ్ డబ్బాలు ఉన్న గదిలో అసలే వద్దు. పెట్టెలో కొత్త చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు నాలుగు పడేయండి. వాడాక చెమట తుడిచి పెట్టడం ఒక్కటి ఇంట్లో అందరికీ అలవాటు చేయండి, చెమటలో ఉండేది ఉప్పే.

మహర్నవమికి ఆయుధ పూజలో పనిముట్లన్నీ బయటికి వస్తాయి కాబట్టి అప్పుడే ఒకసారి అన్నీ చూసుకోండి. ముందు నూనె గుడ్డతో తుడిచి, ఆ తర్వాత పసుపు, కుంకుమ పెట్టండి. మర్నాడు బొట్లు తుడిచి మళ్లీ నూనె రాయండి. తడి పసుపు అలాగే ఉంటే ఆ చోట గుండ్రటి తుప్పు మచ్చ మిగులుతుంది, వెనకే తుపాన్ల రోజులు కూడా వస్తాయి. ఇంకోసారి మృగశిర కార్తె లోపల, వానలు మొదలవకముందే. ఎక్కడైనా ఎర్రటి చుక్క కనబడితే అప్పటికప్పుడు ఒక బొట్టు నూనె వేసి స్టీల్ ఉన్నితో రుద్దేయండి. తొట్టి, నిమ్మ ఉప్పు మళ్లీ బయటికి తీయాల్సిన పని రాదు.